సోమక్క గట్టిమేళం

భోపాలపట్నంలో ఉత్త సోమక్క అంటే ఇప్పటి కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. మైకు సోమక్క అనండి, బస్టాండులో కాలక్షేపం చేసే ముసలాళ్ళంతా ఒకేసారి నోరు తెరుస్తారు. సగంమంది మెచ్చుకుంటారు, సగంమంది తిడతారు. తిట్టేవాళ్ళ పెళ్ళిళ్ళకి కూడా మైకు కట్టింది ఆవిడే కాబట్టి ఆ తిట్లని నేను లెక్కలోకి తీసుకోను.

మా మందుల షాపు వెనక సందులోనే ఆవిడ ఇల్లు. డెబ్బయ్యికి దగ్గర పడింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నోటికి మాత్రం ఏ రోగమూ లేదు. పొద్దున్నే షాపుకి వచ్చి, "స్రవంతీ, నిన్న ఇచ్చిన గోలీ ఉత్త సున్నం ముక్క" అని నలుగురి ముందూ అనేసి, మళ్ళీ అదే గోలీ కొనుక్కుని వెళుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆవిడ రాని రోజున నాకు షాపు తెరిచినట్టే ఉండదు.

ఆవిడ భర్త ముత్తయ్యది ఈ చుట్టుపక్కల పేరున్న మైకు సెట్టు. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, గ్రామఫోను ప్లేట్లు తిప్పే మిషను. తర్వాత, గనుల టౌన్‌షిప్పు నుంచి బదిలీ అయి పోతున్న ఒక ఇంజనీరు దగ్గర స్పూల్ టేపు రికార్డరు కొన్నాడు. రెండు పెద్ద చక్రాలుంటాయి, టేపు ఒక చక్రం మీంచి విప్పుకుని రెండోదానికి చుట్టుకుంటుంది. కొత్త కోడలిగా వచ్చిన సోమక్క నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని విసుగెత్తి, తనూ ఎడ్లబండి ఎక్కేసింది. ముత్తయ్య చెట్టెక్కి హారన్లు కడితే, కింద కూర్చుని ప్లేట్లు మార్చేది ఆవిడే. తాళి కట్టే వేళకి పంతులు "గట్టిమేళం!" అని కేకెయ్యగానే నాదస్వరం ప్లేటు మీద సూది పెట్టేదీ ఆవిడే. ముత్తయ్యకి ఆ అదను ఎప్పుడూ కుదరలేదట. ఆయన సూది పెట్టేసరికి తాళి ముళ్ళు పడిపోయేవట.

ఆయన విషజ్వరంతో పోయాడు. సోమక్కకి అప్పటికి ముప్పై కూడా లేవు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ బండి కట్టించి పెళ్ళికి మైకు తీసుకెళ్ళింది. అక్కడ మొదలైంది రగడ. సినిమా పాటలు వేసుకో, మాకేం అభ్యంతరం లేదు, గట్టిమేళానికి మాత్రం నీ చెయ్యి తగలకూడదు అన్నారు పెద్దలు. మొగుడు పోయినదాని చేత్తో మేళం మోగితే తాళి నిలుస్తుందా అన్నారు. ఎవరైనా ముత్తైదువ చేత సూది పెట్టిద్దాం అని తీర్మానం కూడా చేశారు. సోమక్క ఒప్పుకోలేదు. తన మిషను మీద ఇంకో చెయ్యి పడితే అక్కడికక్కడే హారన్లు విప్పుకుని పోతానంది. మైకు లేని పెళ్ళి అంటే చావు ఇల్లు లాగా ఉంటుంది కాబట్టి రెండు పక్షాలకీ కుదిరే ఉపాయం ఒకటి కావలసి వచ్చింది. ఆ ఉపాయం ఆవిడే కనిపెట్టింది. అదేంటో ఆవిడ నోటితో వింటేనే అందం, కాసేపు ఓపిక పట్టండి.

జగదల్‌పూర్‌లో సుందరరావు అని ఉన్నాడు. బట్టల వ్యాపారం, మా వదినకి పినతండ్రి కొడుకు. ఆయనకి పాటలు వినడం పిచ్చి. డాక్టరు రాజశేఖర్‌గారూ, ఇంకో నలుగురూ ప్రతి నెలా ఆయనింట్లో చేరి ప్లేట్లూ టేపులూ వింటారు. వినడం తక్కువ, వాదన ఎక్కువ. ప్లేటు గొప్పదా, టేపు గొప్పదా? దేశంలో ఇంకే సమస్యా లేనట్టు దీని మీద ముఖాలు ఎర్రబడేదాకా కొట్టుకుంటారు. ఈ మధ్య సుందరరావు ఇంటి పై అంతస్తులో వినడానికని ప్రత్యేకంగా ఒక గది కట్టించాడు. నేను ఒకసారి మాటల్లో సోమక్క నాదస్వరం ప్లేటు సంగతి చెప్పాను. ముత్తయ్య పోయాక దాన్ని ఒకే ఒక్కసారి, టేపులోకి ఎక్కించుకోవడానికి మోగించిందనీ, ఆ తర్వాత అట్టలోంచి బయటికి తీయలేదనీ చెప్పాను.

అంతే, సుందరరావు నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకే నాదస్వరం, ఒకటి ప్లేటు మీద, ఇంకోటి దాన్నించే ఎక్కించిన టేపు మీద. "ఇలాంటి జోడీ ఎక్కడ దొరుకుతుందమ్మా? కొత్త గదిలో మొదటి శబ్దం అదే కావాలి. మంగళవాద్యం కూడానూ. కారు పంపిస్తాను" అన్నాడు.

సోమక్కకి చెబితే ముందు తిట్టింది. "నాదస్వరం వినేటందుకు గంత దూరమా? ఏం, జగదల్‌పూర్‌ల పెండ్లిళ్ళు అయితలేవా?" తర్వాత, "గా ప్లేటు మంచి స్పీకర్ డబ్బాలల్ల ఎట్ల మోగుతదో ఒక్కపారన్న వినాలె బిడ్డా. మా హారన్లల్ల మోగితే కాకులు లేచుడే గాని నాకెప్పుడు సక్కగ వినబళ్ళే" అంది. దానికి ఒక షరతు. మిషనుగానీ ప్లేటుగానీ తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టకూడదు. నేను ఫోనులో అదే మాట అడిగాను. "అంతకంటే భాగ్యమా! అంతా అక్క చేతుల మీదుగానే" అన్నాడు సుందరరావు. ఫోను స్పీకరులో పెట్టి ఉంచాను కాబట్టి ఆ మాట సోమక్క చెవిన కూడా పడింది.

ఆ ఆదివారం తెల్లారకముందే బయల్దేరాం. సీటు మీద నాకూ ఆవిడకీ మధ్య దుప్పటి చుట్టిన టేపు మిషను, ఆవిడ ఒళ్ళో ప్లేటు. మద్దేడ్ దాటేదాకా రోడ్డు గుంతల మీద డ్రైవర్ని తిడుతూనే ఉంది. గీదంలో టీ తాగడానికి దిగినప్పుడు కూడా ప్లేటు కిందపెట్టలేదు, ఒక చేత్తోనే తాగింది.

సుందరరావు గుమ్మంలోనే ఎదురొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మనిషి మంచివాడే. మంచితనం ఎంతవరకు సాగుతుందో మనకి అవసరం పడ్డప్పుడే తెలుస్తుంది కదా, ఆ అవసరం ఇంకా రాలేదు. ఆయన భార్య శిల్ప మంచినీళ్ళు ఇచ్చింది. కొత్త గది తెరిచే ముహూర్తానికి ఇంకా వేళ ఉందని కింద, షాపు వెనక గదిలో, అందరం కూర్చున్నాం.

అక్కడ ముందు పోటీ పెట్టారు. ఒకే పాత సినిమా పాట, సుందరరావు ప్లేటు మీద ఒకసారి, డాక్టరుగారు తెచ్చిన టేపు మీద ఒకసారి. టేపుని సోమక్క మిషను మీదే వేశారు. ఆవిడే ఎక్కించింది, ఆవిడే మీట నొక్కింది. "అహా, అక్క చెయ్యి పడితే చాలు" అన్నాడు సుందరరావు. పాట అయ్యాక వాదన మొదలైంది. టేపులో గొంతు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుందని సుందరరావు. ప్లేటులో తబలా చర్మం కూడా వినపడుతోందని డాక్టరుగారు. నాకైతే రెండూ ఒకేలా వినిపించాయి. ఆ మాట అంటే వెలేస్తారని జంతికలు నములుతూ కూర్చున్నాను.

"మీరు చెప్పండి సోమక్కా, ఏది బాగుంది?" అన్నారు డాక్టరుగారు.

"ఏముంది సాబ్, దీంట్ల చిటపట, దాంట్ల బుస్సు. పాట ఒక్కటే కదా."

అందరూ నవ్వారు. "అది కాదు, పెళ్ళిళ్ళలో మీరు దేన్ని నమ్ముకునేవాళ్ళు?"

"టేపునే నమ్ముకున్న" అంది. "ఎందుకంటే సూది పెట్టాల్నంటే చెయ్యి కావాలె. గట్టిమేళానికి ముండమోపి చెయ్యి పనికిరాదాయె. గందుకే టేపు మొదలుకు ఏం ఎక్కియ్యని ఉత్త టేపు ఉంచిన, దాని ఎనక గట్టిమేళం. పెండ్లిపిల్ల పీటల మీదికి రాకముందే మీట నొక్కి, దూరం పోయి కూసునేదాన్ని. చక్రాలు తిరుగుతనే ఉంటయి, చప్పుడు రాదు. ముహూర్తం టైముకు దానంతట అదే మేళం ఎత్తుకుంటది. నా చెయ్యి యాడుంది? నా ఒళ్ళె ఉంది. సూసుకోండ్రి అనేదాన్ని."

"మరి పంతులు ఆలస్యం చేస్తే?"

"టేపు ఆగుతదా? మేళం మోగంగనే మంది అక్షింతలు ఏస్తరు. అక్షింతలు పడ్డంక తాళి ఎత్తక పంతులు ఏం జేస్తడు? మా దిక్కు ముహూర్తం తప్పకుంట అయిన పెండ్లిళ్ళు ఏమన్న ఉంటే నా మైకు పెండ్లిళ్ళే. ఒక్కపారి బాసగూడల పెండ్లికొడుకు పంచె జారిందని లోపలికి పోయిండు. ఇటు మేళం మోగింది. మంది ఉత్త పీట మీద అక్షింతలు ఏసిన్రు. పిలగాడు పంచె కుచ్చిళ్ళు పట్టుకొని ఉరికొచ్చి తాళి కట్టిండు. మంచిగనే ఉన్నరు, మనుమలు గూడ పుట్టిన్రు."

గది గదంతా పగలబడి నవ్వింది. డాక్టరుగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏం తెలివండీ! సుందరరావుగారూ, ఇంక వాదన లేదు, టేపే గెలిచింది!" అని బల్ల చరిచారు. సుందరరావు తెలుగు సరిగా రాని పక్కవాళ్ళకి హిందీలో మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వించాడు. సోమక్క మాత్రం నవ్వలేదు. డాక్టరుగారి టేపుని వెనక్కి చుట్టి ఆయన చేతికి ఇచ్చింది.

ముహూర్తం దగ్గర పడిందని అందరం పైకి వెళ్ళాం. కొత్త గది ఘనంగానే ఉంది. గోడలకి మెత్తటి గుడ్డ, మనిషెత్తు స్పీకర్లు, వాటికి పసుపూ బొట్టూ, బంతిపూల దండ. పళ్ళెంలో అక్షింతలు, కొబ్బరికాయ. ఒక పక్క సుందరరావు ప్లేటు మిషను మెరుస్తోంది. ఇంకో పక్క సోమక్క మిషను పెట్టి తీగలు కలిపారు. ముందు టేపు మీద నాదస్వరం, తర్వాత ప్లేటు మీద అదే నాదస్వరం, ఆ తర్వాత మళ్ళీ వాదన, అదీ వాళ్ళ పథకం. సోమక్క టేపు ఎక్కించి, కొస చక్రానికి చుట్టి, మీట దగ్గర నిలబడింది.

సుందరరావు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడంలోనే నాకు తేడా తెలిసింది.

"అక్కా, ఏమనుకోకండి. అంతా మీరే సిద్ధం చేశారు. ఆ మీట మాత్రం మా శిల్ప నొక్కుతుంది. మీరు పక్కనే ఉండి చెప్పండి. కొత్త గది కదా, మొదటి శబ్దం..."

నాకు తల కొట్టేసినట్టయింది. కింద కూర్చుని పొట్ట చెక్కలయ్యేట్టు నవ్విన మనిషి ఈయనేనా? శిల్ప అయితే రెండడుగులు వెనక్కి వేసింది. "నేనెందుకండీ, నాకు ఆ మిషనే తెలీదు" అంది. డాక్టరుగారు కొబ్బరికాయ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన అలా చూస్తే కాయ దానంతట అదే పగలదు కదా.

"ఫోన్ల ఏమన్నవ్ బిడ్డా?" అంది సోమక్క. గొంతు పెంచలేదు.

"అన్నానక్కా, నిజమే. నాకు ఇలాంటి పట్టింపులు లేవు. అమ్మే కొంచెం... పాతకాలం మనిషి."

"అమ్మ ఏది?"

ఎవరూ చెప్పకముందే సోమక్క కదిలింది. వంటగది పక్కనే. నేనూ వెనకే వెళ్ళాను. సుందరరావు తల్లి సావిత్రమ్మ తెల్ల చీరలో పీట మీద కూర్చుని ప్రసాదం గిన్నెలు సర్దుతోంది. ఆవిడ నుదుట బొట్టు లేదు. భర్త పోయి చాలా ఏళ్ళయిందని మా వదిన ఎప్పుడో చెప్పింది, ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"వదినా, నేను మీట నొక్కద్దన్నవట?" అంది సోమక్క.

సావిత్రమ్మ తెల్లబోయింది. "నేనా? నేనెందుకంటాను తల్లీ? ముహూర్తం దాటేదాకా నన్నే ఆ గదిలోకి రావద్దన్నాడు. ఇక్కడే కూర్చోమన్నాడు." ఆ మాట మామూలుగానే చెప్పింది, కోపంగా కూడా కాదు. అలవాటైపోయిన మనిషి ఎలా చెబుతుందో అలా. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. సోమక్క ముఖం చూసి అది కూడా భయపడి లోపలికి పోయింది.

మేం తిరిగి వచ్చేసరికి సుందరరావు ఒక ఉపాయంతో తయారుగా ఉన్నాడు. తల్లి మాట వినపడిందేమో, చెవులు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, గొడవ వద్దు. మీరు కింద చెప్పారే, అలాగే చేద్దాం. ఖాళీ టేపు ముందు పెట్టి మీరే నొక్కేసి ఇటొచ్చి కూర్చోండి. మేళం దానంతట అదే వస్తుంది. ఎవరి చెయ్యీ అనే మాటే ఉండదు. ఎవరికీ బాధ లేదు."

మిగతావాళ్ళు "అవునవును, భేష్" అన్నారు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టాలనిపించింది నాకు.

"ఎవరికి బాధ లేదు?" అంది సోమక్క. "మీరు నవ్విన్రు, నవ్వుండ్రి. నవ్వేటట్టే చెప్పిన. కాని గా పని తెలివి కాదయ్యా, దొంగతనం. నా మైకు, నా ప్లేటు, నా మేళం. మీట నొక్కి దొంగ లెక్క దూరం పోయి, ఒళ్ళె చేతులు పెట్టుకొని కూసున్న. కడుపు కోసం కూసున్న. పెండ్లి పెండ్లికి కూసున్న. ఎవ్వడన్న ఒక్కడు, సోమక్కా నువ్వే పెట్టు అంటడేమో అని సూసిన. ఎవ్వడు అనలే. ఇప్పుడు నాకు పెండ్లిళ్ళు లేవు, బేరం పోతదన్న భయం లేదు. ఇంక ఎవనికి భయపడి కూసోవాలె?"

ఆవిడ మిషను దగ్గరికి వెళ్ళి ఎక్కించిన టేపుని చక్రంతో సహా ఊడదీసి నా చేతిలో పెట్టింది. అట్టలోంచి ప్లేటు తీసింది. అంచులు పట్టుకుని, తిన్నగా సుందరరావు మిషను దగ్గరికి నడిచి, దాని మీద పెట్టింది. దాని మీట నొక్కగానే ప్లేటు తిరగసాగింది.

"అక్కా, అక్కా! ఆ సూది చాలా నాజూకు... ఆగండి!" అంటూ సుందరరావు లేచాడు.

ఆగలేదు. ఇన్నేళ్ళ తర్వాత సూది పట్టుకున్న చెయ్యి, అందులోనూ తెలియని మిషను. సూది జారి గర్రుమని గీసుకుంది. ఆ చప్పుడు అంత పెద్ద స్పీకర్లలో వినపడేసరికి డాక్టరుగారు చెవులు మూసుకున్నారు. సోమక్క పళ్ళు బిగపట్టి సూది ఎత్తి మళ్ళీ పెట్టింది. డోలు ఒక్క దెబ్బ పడింది, వెంటనే నాదస్వరం ఎత్తుకుంది.

గట్టిమేళం.

సుందరరావు చెయ్యి సగం దాకా వచ్చి గాల్లోనే ఆగిపోయింది. సూది ఎత్తేద్దామనే వచ్చాడు. కానీ మోగుతున్న గట్టిమేళాన్ని మధ్యలో ఆపడం కంటే పెద్ద అపశకునం లేదు, అది ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ పట్టింపుతో సోమక్క చేతిని వద్దన్నాడో అదే పట్టింపు ఇప్పుడు ఆయన చేతిని పట్టుకుంది. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పను. మేళం వినగానే శిల్ప అలవాటు కొద్దీ గుప్పెడు అక్షింతలు తీసి విసిరింది. కొన్ని స్పీకర్ల మీద పడ్డాయి, కొన్ని సోమక్క మీద.

నేను అలాంటి నాదస్వరం ఎప్పుడూ వినలేదు. టేపు బాగుంటుందో ప్లేటు బాగుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. వాయిస్తున్న మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడింది. సోమక్క కుర్చీ కూడా లేకుండా నేల మీదే చతికిలబడి, కళ్ళు తెరుచుకునే వింది. ఏడవలేదు. "గిట్ల ఉండెనా ఇది" అని ఒక్కసారి అంది, అంతే. గీత పడ్డ చోట టక్కుమన్నప్పుడు సుందరరావు ముఖం చిట్లించాడు, ఆవిడ చిట్లించలేదు.

ఒక వైపు అయిపోయింది. సూది చివరి గాడిలో తిరుగుతూ చిన్నగా చప్పుడు చేస్తోంది. లేచి దాన్ని ఎత్తాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు చూశాను, సావిత్రమ్మ గుమ్మం ఇవతల ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో మాకెవరికీ తెలియదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకుంటోంది.

"రెండో వైపు కూడా ఉందా?" అంది.

"ఉంది" అంది సోమక్క.

"నేను పెట్టనా?"

సోమక్క నా చెయ్యి ఆసరా చేసుకుని లేచింది. ప్లేటు తిప్పి వేసి, పక్కకి జరిగి చోటిచ్చింది. సావిత్రమ్మ దగ్గరికి వచ్చి సూది కాడని రెండు వేళ్ళతో పట్టుకుంది. పట్టుకోవడం తెలియడం లేదు, వేళ్ళు అటూ ఇటూ పోతున్నాయి.

"అమ్మా, ఉండు, నేను పట్టుకుంటా" అన్నాడు సుందరరావు ముందుకొస్తూ.

"ముట్టకు" అంది సోమక్క. "గీసుకుంటే గీసుకోనియ్. ప్లేటు నాది."